సందు

పుదుపేటలో మా షెడ్డుకి రావాలంటే
కారు అద్దాలు మడుచుకుని రావాలి.
అంతే సందు.
శనివారం సాయంత్రం ఆ ఎర్ర కారు
ఒళ్ళు దగ్గర పెట్టుకుని లోపలికొచ్చింది.
బానెట్టు కింద మాత్రం ఎవరో
గోరుతో రేకు మీద కొడుతున్నారు.

ఇరవై రెండు రోజులు కట్టాను ఆ ఇంజను.
పిస్టన్లు కొత్తవి, కామ్‌లు రేసువి,
వాల్వు సీట్లు కూవం గట్టున
మణివాసగం దగ్గర కోయించినవి.
ప్రతి బోల్టూ నా చెయ్యే బిగించింది.
అందుకే ఇళంగో ఆ చప్పుడు ఫోనులో పట్టి
నా మొహం ముందు పెట్టినప్పుడు
నా దస్తూరీలో తప్పు
నాకే చదివి వినిపించినట్టయింది.
"ఆదివారం ఇరుంగాట్టుకోట్టైలో రేసన్నా. వినండి."

విన్నట్టు తలూపాను.

సైలెన్సరు లేని ఇంజన్ల పక్కన
ముప్ఫై ఏళ్ళు నిలబడ్డ చెవులివి.
సన్నని చప్పుళ్ళు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి:
ముందు దోమ, తర్వాత చేతి గడియారం,
పోయినేడు టాపెట్లు.
ఇంట్లో తెలీదు.
షెడ్డులో ఒక్క స్క్రూడ్రైవరుకి తెలుసు.

రెండడుగుల స్క్రూడ్రైవరు.
మొన కామ్ కవరు మీద, పిడి చెవి వెనక ఎముక మీద.
క్రాంకు రెండు చుట్లకి కామ్ ఒక్క చుట్టు,
ఐడిల్‌లో సెకనుకి ఏడున్నర దెబ్బలు.
లెక్క కుదిరింది. కింద రాడ్డు కాదు,
పైన వాల్వులే.
మొన జరుపుకుంటూ పోయాను.
నాలుగు, మూడు...
రెండు దగ్గర దవడ జిల్లుమంది.
"రెండోదాని ఎగ్జాస్టు," అన్నాను.
"అవునన్నా," అన్నాడు యూనస్,
షట్టరు దగ్గర టీ గ్లాసులు కడుగుతూనే.

వేడి మీద కొలిస్తే ఇనుము అబద్ధమాడుతుంది.
రాత్రంతా ఆరనిచ్చాం.
ఆరే ఇంజను కూడా టిక్కుమంటుందట,
ఒక్కోసారి, నిద్రలో పళ్ళు కొరికినట్టు.
యూనస్ చెప్పాడు.

పొద్దున్నే కవరు విప్పాం.
పాతిక ఉండాల్సిన చోట ముప్ఫై ఐదు రేకు
నూనె మీద జారిపోయింది.
షిమ్ము తీసి చూశాను. అంకె సగం అరిగింది.
ఆఖరి రాత్రి, కరెంటు లేనప్పుడు,
ఐదుని ఆరనుకుని వేసింది నేనే.
మళ్ళీ కొలవకుండా మూసిందీ నేనే.
తల పట్టుకోలేదు. కొంచెం సంతోషమేసింది కూడా,
దొంగ దొరికాడు కదా.

"మిగతావి కూడా కొలుద్దామన్నా," అన్నాడు వాడు.

మూడోదాని ఎగ్జాస్టు దగ్గర
ఐదు రేకు దూరలేదు.
పెట్టెలో అంతకంటే పల్చటిది లేదు.
కొత్తగా కోసిన సీటులో వాల్వు దిగబడి
కామ్‌కి వీపు ఆనించి కూచుంది.
రేసులో కాడ వేడెక్కి సాగితే
సాగడానికి చోటేదీ?
మూత పడని తలుపులోంచి మంట బయటికొచ్చి
అంచు అంచంతా తినేసేది.
రాత్రి నా స్క్రూడ్రైవరు దాని మీద కూడా ఆగింది.
చిన్న చప్పుడైనా చేయలేదది.
మంచిదనుకుని ముందుకెళ్ళాను.

రెండు షిమ్ములు మార్చాం. అన్నీ రెండుసార్లు కొలిచాం,
ఒకసారి నేను, ఒకసారి వాడు.
స్టార్టు చేస్తే ఇళంగో మొహం చిట్లించాడు:
"ఇంకా కాస్త వినబడుతోందే?"
"వినబడాలి," అన్నాను.

అతను వెనక్కి నడుపుకుంటూ వెళ్ళాడు,
అటు జానెడు, ఇటు జానెడు.
"ఎలా ఉందిరా?" అని అడిగాను యూనస్‌ని,
ఎప్పుడూ అడగని నేను.
వాడు చేతులు తుడుచుకుని
నా ఎడంపక్క నుంచి చుట్టూ తిరిగొచ్చి
కుడిపక్కన నిలబడి చెప్పడం మొదలెట్టాడు.

కుడి చెవి కాస్త నయమని
నేను వాడికెప్పుడూ చెప్పలేదు.