నూనె పెట్టని కుర్చీ

ఆరున్నరకి చెవి మెలిపెట్టినా
మా వంటింటి రేడియో వెంటనే పలికేది కాదు.
లోపలి గాజు బుడ్లు ఎర్రబడాలి.
కాసేపు గురగుర, కాసేపు కెనడా వాతావరణం,
ఆ తర్వాత తలుపు తన్నుకుని వచ్చినట్టు
మెర్విన్ స్టెన్‌క్విస్ట్.

"లేచారా? మీరు లేవకపోతే నేనూ పడుకుంటా" అని
మైకు ముందే గుర్రుపెట్టేవాడు.
గుర్రు మీదే పాట వేసేవాడు.
పాట సగంలో ఉలిక్కిపడి లేచి
"పాపం, ఈ గాయకుడికి ఎవరైనా దగ్గుమందు పోయండి" అనేవాడు.

ఆల్డర్ క్రీక్ మొత్తానికి ఒకటే ట్రాఫిక్ దీపం.
రోజూ దాని మీద వార్త:
"ప్రస్తుతం ఎరుపు. ఆగండాగండి...
పచ్చ! మిగతా విశేషాలు రేపు."
మంచు తుఫాను రోజుల్లో సెలవిచ్చిన బడుల పేర్లు చదువుతూ
చివర్న మొహం మార్చకుండా
(మొహం మాకు కనపడదు, అయినా తెలిసేది)
"సోమరిపోతుల ఉన్నత పాఠశాల, ఏడాది పొడవునా."
మా అన్న ఆర్వో అందులో చేరతానని ఏడ్చాడు.

అందరికన్నా మిస్ ప్రూడెన్స్.
ఆవిడ కోడి.
రికార్డుల బీరువా మీద కాపురం.
నచ్చని పాటకి క్ర్ర్ర్...క్ అని మూలిగేది.
నచ్చిన పాటకీ అదే మూలుగు, కాస్త సాగదీసి.
మేయరు పేరు వినపడితే మాత్రం
గుడ్డు పెట్టినంత గోల.

అమ్మ ఫిన్లండు నుంచి ఓడ దిగిన మనిషి.
ఇంగ్లీషు రాదు, కోడి భాష వచ్చు.
రొట్టెపిండి పిసుకుతూ మెర్విన్ మాటలన్నీ వదిలేసి
ప్రూడెన్స్ వంతు రాగానే
పిండి చేతులు గాల్లోకెత్తి నవ్వేది.
రాత్రి షిఫ్టు దిగిన నాన్న,
ఇనుప ధూళికి కనుబొమలు కూడా ఎర్రబడ్డ నాన్న,
ఒక బూటు విప్పి, రెండోది మర్చిపోయి
రేడియో వైపు కాక అమ్మ వైపు చెవి పెట్టేవాడు.
రోజుకి పావుగంట.
తక్కిన పొద్దంతా మా ఇంట్లో మాట్లాడేది గోడ గడియారమే.

పదకొండో ఏట బడి ఎగ్గొట్టి
జేబునిండా మొక్కజొన్న గింజలతో
బట్టల దుకాణం మేడమీది స్టేషనుకెళ్లాను.
రెండు గదులు.
బక్కపలచని మనిషి, చెవులమీదికి లాక్కున్న ఉన్ని టోపీ,
మేజోడు చిల్లులోంచి బొటనవేలు.
"కోడేదీ?" అన్నాను.
నన్ను చూశాడు. నా జేబు చూశాడు.
రికార్డు మీద ఇంకో రెండు నిమిషాల పాట మిగిలి ఉంది.
ఏమీ అనకుండా కుర్చీలో వెనక్కి వాలాడు.
క్ర్ర్ర్...క్.

ఏడుద్దామనుకున్నాను, నవ్వొచ్చింది.
రెండూ కలిసి ముక్కులోంచి వచ్చాయి.
"నీకు, నాకు, కుర్చీకి. నాలుగోవాళ్లకి వద్దు" అని
గింజలు పుచ్చుకుని రసీదు రాసిచ్చాడు,
కింద కోడికాలి ముద్రతో సహా.

ఇంట్లో చెప్పాను: ప్రూడెన్స్ తెల్లటి తెలుపు,
ఎడమ కన్ను మెల్ల.
"అనుకున్నా" అంది అమ్మ.

ఆరేళ్లకి స్టేషను అమ్ముడుపోయింది.
కొత్తవాళ్లకి పాటలు చాలట, మధ్యలో మనిషి అక్కర్లేదట.
ఆఖరి పొద్దున మెర్విన్ అన్నాడు:
"ప్రూడెన్స్ పదవీ విరమణ చేస్తోంది.
ఫ్లోరిడా ఇసుకలో గీరుకుంటుందట."
కుర్చీ ఒక్కసారి మూలిగింది, పొట్టిగా.
మధ్యాహ్నానికి దుకాణం మెట్లమీద గింజల సంచులు,
పదిహేడు. ఒకటి మేయరుది.
ఎవరికి తెలుసో, ఎవరికి తెలియదో,
ఎవరూ ఎవర్నీ అడగలేదు.

సామాను వేలంలో కుర్చీ నా పాట.
రెండు డాలర్లు. నా దగ్గరున్నవీ అవే.

ఇప్పుడు మనవడు నూనె డబ్బా పట్టుకుని తిరుగుతున్నాడు.
"ఒక్క చుక్క చాలు ముమ్మో, చెవులు చిల్లులు పడుతున్నాయి."
"దాని జోలికెళ్తే వేళ్లు విరుగుతాయి" అంటాను.
వాడు బడికెళ్లాక
కాఫీ కప్పు ఒళ్లో పెట్టుకుని, పేపరు తెరిచి,
ఈ ఊరి కొత్త మేయరు పేరు పైకి చదివి
వెనక్కి వాలతాను.