మైకు సెట్టు బీరాన్ లెక్క

కణారన్ మాష్ గొంతు ఎంత బరువో
నా భుజానికి తెలుసు.
నలభై ఏళ్లు, వడకర నుంచి కాసరగోడ్ దాకా
జీపు వెనక సీట్లో ఆంప్లిఫయరు ఒళ్లో పెట్టుకుని
ఆయన ఉపన్యాసాల వెంట తిరిగినవాణ్ణి.
కొబ్బరిచెట్లకి పీచుతాడుతో హారన్లు కట్టేవాణ్ణి.
ఆయన "సహృదయులారా" అనేలోపే
నా వేలు మీట మీద ఉండేది.
మొదటి పది నిమిషాలు తక్కువ,
కావ్యాన్ని చీల్చే వేళకి ఎక్కువ.

నాకు సాహిత్యం రాదు.
గంటంపావు ప్రసంగం, రెండు గ్లాసుల జీలకర్ర నీళ్లు,
చేతిలో కాగితం ముక్క ఉండదు. ఇదీ నాకు తెలిసింది.
ఆయన సమీక్ష వచ్చే ఆదివారం
పేపరు మడత విప్పడానికి
కోళిక్కోడ్ ప్రొఫెసర్లు కూడా జంకేవాళ్లట.

పయ్యన్నూరు దారిలో ఓ రాత్రి బండి చెడింది.
టార్పాలిన్ మీద వాన. అప్పుడు చెప్పాడు:
పదమూడేళ్లకి ఆయన బీడీ కంపెనీలో పేపరు చదివే కుర్రాడు.
చుట్టేవాళ్లు తలా నాలుగు బీడీలు అదనంగా చుట్టి
ఆ కూలి కట్టేవాళ్లు.
పేపరయ్యాక నవల, నవలయ్యాక పద్యం.
"డొల్ల వాక్యానికి కత్తెర్లు ఆగవు బీరానే,
టకటకా ఆకు కోస్తూనే ఉంటాయి.
మంచి వాక్యం దగ్గర
నలభై కత్తెర్లు ఒక్కసారిగా ఊరుకుంటాయి.
నా విమర్శంతా అక్కడ నేర్చిందే.
ఎమ్మే తర్వాతి సంగతి."

పయ్యోళిలో రోహితాక్షన్ తొలి పుస్తకం.
రిజిస్ట్రాఫీసు గుమాస్తా,
ఇస్త్రీ మడత చెదరని చొక్కా,
ముందు వరసలో భార్య.
మాష్ పుస్తకం ఎత్తి చూపించాడు.
"కాగితం చాలా బాగుంది."
అంతే, కూర్చున్నాడు.
జనం నవ్వు హారన్లని ముంచేసింది.
ఆ వాక్యానికి శబ్దం పెంచింది నేనే.
ఎవరూ చెప్పలేదు. వేలికి అలవాటు.

రోహితాక్షన్ మళ్లీ రాయలేదు.
పదిహేడేళ్లు పక్కవాళ్ల దస్తావేజులకి నకళ్లు తీసి
ఒక కర్కిటక మాసంలో పోయాడు.

సంతాప సభకి మాష్‌ని ఎవరూ పిలవలేదు.
నాకు ఫోను చేసి "మైకు నీదేనా?" అన్నాడు. వచ్చాడు.
నిలబడ్డాడు.
ఒక నిమిషం. రెండు.
వైరు తెగిందనుకుని పరిగెత్తాను.
జాకు లాగి పెట్టి వేలితో తట్టాను.
మైకు బాగానే ఉంది.
మాష్ నా చెయ్యి పక్కకి తోశాడు, ఆపెయ్యమన్నాడు.
సంచిలోంచి ఆ పుస్తకమే తీశాడు,
చెమ్మకి అట్ట ఉబ్బింది.
అక్షరం మీద వేలు పెట్టి, తలెత్తకుండా
ఒక పద్యం చదివాడు.

వెనకున్న నాకు ఒక్క ముక్క వినపడలేదు.
ముందు వరసలో ఆవిడ చేతిలో
పోకపాళ విసనకర్ర
ఆగడం మాత్రం కనపడింది.

మైకు వాడలేదు కదా అని
సగం డబ్బు తిరిగివ్వబోయాను.
"పయ్యోళి బిల్లు ఇంకా తీరలేదోయ్" అని
జీపెక్కి కళ్లు మూసుకున్నాడు.
మూరాడ్ వంతెన దాటేదాకా
రేడియో పెట్టమని ఆయన అనలేదు,
నేనూ పెట్టలేదు.