ముందటి నీళ్లు

మార్చి ఆఖర్లో దిగువమెట్ట పైన కొండ
మూడు రాత్రులు కాలింది.
ఎర్రటి గీత ఒకటి మొలతాడులా
కొండ నడుం చుట్టూ పాకడం
గిద్దలూరు మిద్దెల మీంచి జనం చూశారు.
నేను చూడలేదు.
అనుమతి కాగితం మీద మూడో సంతకం కోసం
ఒంగోలులో ఒక తలుపు ముందు కూర్చున్నాను.

నేను చేరేసరికి కొండ చల్లారింది.
ఫైర్ వాచర్ కుడుముల గురవయ్య చేతిలో
మంటని కొట్టిన కొమ్మ,
ఆకులు మాడి ఈనెలే మిగిలి.
"గడ్డి కాలితే గడ్డి వస్తది.
దుంప కాలితే ఏమొస్తది?" అన్నాడు.
నా ఫారంలో దుంపకి గడి లేదు.

ఏప్రిలంతా గుండ్లకమ్మ ఇసకే.
ఇక్కడ నది అంటే
వాన పడ్డాక అనే మాట.

మే ఇరవై ఒకటిన ముందు వాసనొచ్చింది,
తడిసిన పొయ్యి వాసన.
వెనకే నీళ్లు, కాటుక కలిపినట్టు.
గంటకొకటి, పన్నెండు సీసాలు నింపాను.
తెల్లారి మడుగులో పరిగెలు
నోళ్లు పైకెత్తి గాలి అడుక్కున్నాయి.

బస్సులో థర్మాకోల్ పెట్టె చూసి కండక్టర్
"చేపలా?"
"నీళ్లు."
"నీళ్లకి ఐసా!" అని నవ్వి
లగేజీ టికెట్ మాత్రం చేపలకే కొట్టాడు.

క్షారం పెరిగింది, పొటాషియం పెరిగింది,
నైట్రేటు రెండింతలు దాటింది.
గైడు కళ్లద్దాలు తీసి అడిగారు:
"పెరిగింది సరే, దేని మీద?
ముందటి నీళ్లేవి?"

జనవరిలో ఒక్క సీసా ముంచి ఉంటే
నా దగ్గర ఒక నది ఉండేది.
ఇప్పుడున్నది సగం సామెత.

మళ్లీ వెళ్లాను. రేవులో సుంకులమ్మ
ఆస్పత్రి దుప్పట్లు బండకేసి బాదుతోంది.
"ఆ వాన నీళ్లు జారుడమ్మా,
బూడిద తేర్చిన నీళ్లల్లే.
సబ్బు సగమే పట్టింది.
కొండ ఎప్పుడు కాలినా అంతే.
నా పెళ్లప్పుడు గూడా కాలింది,
నా పసుపుబట్ట ఆ నీళ్లల్లో ముంచితే
ఎర్రగా తిరిగిపోయింది.
మా అత్త అపశకునమంది."

పెన్ను ఆగింది.
సున్నం తగిలితే పారాణి అయ్యే పసుపు!
ముప్పై ఏళ్ల కిందటి ఏరు
ఒక పెళ్లిచీర మీద
తన లెక్క తనే రాసిపోయింది.

"ఆ బట్ట ఉందా?"
"ఇంకేడిదమ్మా. ఇద్దరికి పొత్తిళ్లయింది,
ఆనక మసిగుడ్డ."

నోట్‌బుక్కులో, ఏ పరికరం అన్న చోట
'సుంకులమ్మ కుడిచెయ్యి' అని రాసి
కొట్టేశాను.
గీత కింద ఇంకా కనపడుతూనే ఉంది.

డిసెంబర్లో తేట నీళ్లు,
అడుగున నా నీడ గులకరాళ్లతో సహా.
పన్నెండు సీసాలు నింపుతుంటే
గురవయ్య వచ్చి నిలబడ్డాడు.
"ఇప్పుడెందుకు? ఏమీ కాలలేదుగా."
"కాలకముందు నీళ్లు కావాలి."
కొండ వైపు చాలాసేపు చూశాడు.
"అయితే, ఇక కాలాలనా?"

నేను మూత బిగించాను.
అది ఒక పట్టాన బిగుసుకోలేదు.