చేతి గుణం

పదకొండేండ్లు గుడి వంటింట్లో వండినా,
ముక్కుకి గుడ్డ కట్టుకోని.
సామి తినకముందు రుచి చూడకూడదు,
వాసన గూడా పీల్చకూడదు.
ఉప్పు ఎంతో చేతికే తెలవాల.

ఇప్పుడు తిరుపతి బైపాస్ రోడ్డులో
మూడో అంతస్తు మెక్సికో హోటల్లో ఉండా.
గోడ మీద నాగజెముడు బొమ్మ.
మా చంద్రగిరి గుట్టల్లో ఉండేదే,
దానికి టోపీ పెట్టినారు.
బోర్డు మీద గుమ్మడికాయంత పచ్చ చుక్క.
"కొండకొచ్చే వాళ్లు చుక్క చూసే మెట్లెక్కతారు సామీ"
అంటాడు ఓనరు గుణశేఖర్.

గుడ్డ తీసేసినా
ముక్కు ఇంకా కట్టేసే ఉండాది.
ఈడా రుచి చూడకుండానే వండినా.
బీన్స్ డబ్బా విప్పి పెనం మీద పోసి
అనపగింజల పప్పు ఎనిపినట్టు ఎనిపినా.
అన్నంలోకి టమాటా, జీలకర్ర,
ఓనరు సీసాలో పోసిచ్చిన పసుప్పచ్చ పొడి ఒక గరిటె.
రాత్రి మిగిలింది కొర్లగుంటకి కట్టుకోని పోతే
మా కనకవల్లి వేళ్లు నాక్కుంటా అనింది:
"ఇన్నేండ్లు ఈ రుచి యాడ దాచినావు?"
లైటు కింద నా చెయ్యి నేనే
తిప్పి తిప్పి చూసుకుంటి.

శుక్రవారం శుక్రవారం ఒక పిల్ల వస్తాది, హేమచిత్ర.
పశువుల డాక్టరు చదువు.
"ఈ చీజు దేంతో విరిగింది సామీ?"
నిమ్మకాయతో అయ్యుంటాది తల్లీ, అంటి.
నవ్వలా ఆ పిల్ల.
పాలు తాగే దూడకి నాలుగో కడుపుంటాదంట,
ఆ కడుపు పొరలో ఉండేదే
పాలు పేరబెడతాదంట.
"అన్నీ అట్ల కాదులెండి. దీని మీద ఏం రాసుందో చూడండి."

మా ఇంట్లో ఆవు ఈనితే
దూడ కడుపు నిండినాకే
మాయమ్మ జున్నుపాలకి గిన్నె తీసేది.
ఈడ దూడ కడుపే గిన్నె.

ఆ రాత్రి స్టోరు రూములో కూర్చుంటిమి,
నేనూ, గిన్నెలు కడిగే మొగిలీ.
బీన్స్ డబ్బాకి మద్రాసోడు అంటించిన కాయితం
సరిగ్గా అక్షరాల మీదే ఉండాది.
అన్నం ఆవిరికి పట్టి గోటితో లాగితే
కింద చీమతలకాయలంత రాత.
ఒక మాటకి నాకు నోరు తిరగలా.
మాంటెకా.
ఏ ఊరి ఆడపిల్ల పేరో అనుకుంటి.
మొగిలి ఫోనులో కొట్టినాడు.
ఫోను పంది బొమ్మ చూపించింది.
వాడు గబుక్కున దాన్ని బోర్లా పెట్టినాడు,
నా మర్యాద కాపాడినట్టు.
"నేను తింటా సామీ, నాకేం.
కానీ తింటా ఉండానని నాకు తెలుసు."

పసుప్పచ్చ పొడి కవరు
వాడే చెత్తబుట్టలోంచి ఏరకచ్చినాడు.
దానికి చదువు అక్కర్లా.
ఎర్ర తురాయి ఎత్తుకోని
కోడి నవ్వతా ఉండాది.

అదీ నా చేతి గుణం.

ఓనరుకి చెప్తే "ఎవురికి తెలస్తాది సామీ" అన్నాడు.
చుక్కకి నాలుగువేలయిందంట.
నేను సొంత దుడ్డుతో
అలసందలు, చెనిక్కాయ నూనె తెచ్చుకుంటి.
రాత్రే నానబెట్టి, పొద్దున ఉడకబెట్టి,
పొడి లేకుండా, చీజు లేకుండా
శుక్రవారం హేమచిత్రకి పెడితి.
అంతా చెప్పి మరీ పెడితి.
ప్లేటు ఖాళీ చేసింది.
చానాసేపు కిటికీ కాడే నిలబడి
మెల్లగా అనింది,
"పోయిన వారందే బాగుండె సామీ."

ఆ పిల్ల పోయినాక
జీవితంలో మొదటిసారి
గరిటె నోట్లో పెట్టుకుంటి.
ఉప్పు తక్కువ.

ఇంట్లో కనకవల్లి డబ్బా మూత తీసి
రెండు ముద్దలు తిని
"ఏం, ఈ మధ్య చెయ్యి బాగలేదా?" అంటాది.
అవును, అంటా.
ఇంకా చెప్పలా.