ఫారం సి

దసరాల్లో, అందులోనూ మూలా నక్షత్రం నాడు
బెజవాడలో గది దొరకడమంటే మాటలా!
మా లాడ్జి మెట్ల మీద కూడా ఎర్రబట్టల భవానీలు,
తడి తువ్వాళ్ళు, ఇరుముళ్ళు, నలిగిన బంతిపూల వాసన.
ఆ తొక్కిడిలోంచి ఆమె వచ్చింది
చెప్పులు చేత్తో పట్టుకుని.
బల్ల మీద పాస్‌పోర్టు తెరిస్తే
ఇసక రాలింది.
"సూర్యలంక" అంది,
హోంవర్కు మర్చిపోయిన పిల్లలా.

పరదేశం వాళ్ళొస్తే ఫారం సి నింపాలి.
ఇప్పుడంతా కంప్యూటరే గానీ
నేను ముందు పుస్తకంలో రాసుకుంటాను.
గుడివాడ దాటి ఎరగని చెయ్యి
ఇరవై రెండేళ్ళుగా
లిమా అనీ లుసాకా అనీ తప్పుల్లేకుండా రాస్తోంది.

పేరు, మారిసెల్ దుమలావో.
దేశం, ఫిలిప్పీన్స్.
వెనక నిలబడ్డాయన "మణిపురామ్మా?" అన్నాడు.
"ఇంకొంచెం అవతలండీ" అంది, విసుక్కోకుండా.
వృత్తి, గుంటూరులో ఒకటో తరగతి పిల్లలకి ఇంగ్లీషు.
ఎక్కణ్ణుంచి రాక?
"బ్రాడీపేట, నాలుగో లైను."
అది కాదమ్మా, అన్నాను.
"అదేనండీ" అంది.

రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది.
హాల్లో ఎమర్జెన్సీ లైటు కింద నలుగురు చేరారు.
ఇబ్రహీంపట్నంలో బాయిలరు బాగుచెయ్యడానికొచ్చి
అయిదు నెల్లుగా దాంతో పడని పోలండు ఇంజనీరు,
రైలు తప్పిపోయిన డెన్మార్కు ముసలావిడ,
ఫార్మసీ చదివే జాంబియా కుర్రాడు ముటాలే,
ఈమె.
ఇలా నలుగురు దొరికి ఏడు నెలలైందట ఆమెకి.
చాన్నాళ్ళకి తిప్పిన కుళాయిలా
ముందు గాలి వచ్చింది, తర్వాత తుప్పు,
ఆ తర్వాత మాటలు.

ఇక్కడి రొట్టె రొట్టే కాదన్నాడు ఇంజనీరు.
హారన్లకి ఓ చెవి కాలవలో పారేశానన్నాడు.
"మరి ఆ కారమో!" అంది ముసలావిడ.
అందరూ నవ్వారు. మారిసెలూ నవ్వింది,
పదిమంది కలిసి తన చుట్టాన్ని వేళాకోళం చేస్తుంటే
మొగమాటానికి నవ్వినట్టు.

ముటాలే నవ్వలేదు.
పటమటలో గది కోసం తట్టిన తలుపులు తొమ్మిదని
వేళ్ళ మీద లెక్క చెప్పాడు.
ఎనిమిదో ఇంట్లో మంచినీళ్ళు మాత్రం ఇచ్చారట.
నేను రిజిస్టర్లో తల దూర్చాను.
ఆ తొమ్మిదింట్లో ఒకటి
మా తమ్ముడిది కాదని చెప్పలేను.

ఈలోగా మెట్ల మీంచి ఓ భవానీ అమ్మ
పులిహోర తెచ్చి కాగితం పళ్ళేల్లో పెట్టింది.
చాలు చాలంటూనే
పళ్ళెం వెనక్కి తియ్యలేదు మారిసెల్.
ఎవరు నేర్పారో!

"సెలవులకి ఇంటికెళ్ళక
ఈ ఎండలో బస్సులెక్కి తిరుగుతావెందుకు?"
ఇంజనీరు అడిగాడు.
భట్టిప్రోలెందుకు, రేపల్లె పాసింజరెందుకు,
ఏమీ లేని రేవులో సాయంత్రం దాకా కూర్చోడమెందుకు?
నోరు తెరిచింది. మాట దొరకలేదు,
ఇంగ్లీషు పంతులమ్మకి, ఇంగ్లీషులో.
నా వైపు తిరిగింది.
"రాఘవులు గారూ, ఊరికే అంటే ఏమంటారండీ?"

ఏమంటారు?
పని లేక అంటే కాదు. ఇష్టంకొద్దీ అన్నా చాలదు.
డబ్బుల్లేకుండా అనీ అర్థముంది, అదీ కాదు.
నలుగురూ నా వంక చూస్తున్నారు.
సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది,
నా పరువు దక్కింది.

తెల్లవారుజామున గుంటూరు బండికి వెళ్ళిపోయింది.
వచ్చిన కారణం అన్న గడి ఖాళీగా ఉంది.
పెన్సిలుతో ఊరికే అని రాసి చూసుకున్నాను.
తర్వాత చెరిపి, పర్యటన అని రాశాను.
ఇసక మాత్రం రిజిస్టరు కుట్టులో ఇరుక్కుంది, దులిపినా పోదు.

తమ్ముడి మేడ మీద గది ఖాళీ.
ఫోను చేశాను, ఎత్తలేదు.
మళ్ళీ చెయ్యాలి.
మూడు రోజులైంది.