జీడి గుర్తు

గురువారం. శ్రీకాకుళం పెద్దాసుపత్రి, చర్మం ఓపీ.
బోనెల ఊర్మిళ తన చేతులు బల్ల మీద పెట్టింది
ఎవరివో తెచ్చి అప్పగిస్తున్నట్టు.
పలాసలో పదకొండేళ్లు జీడిగింజలు కొట్టిన చేతులు.
వేళ్ల సందుల్లో బీటలు,
మణికట్టు చుట్టూ, గాజులుండాల్సిన చోట,
గరుకు కట్టిన నలుపు.

"పగలు పర్నేదమ్మా, ఏదో పనిలో పడిపోతాను.
రాత్రయితే సూడాల.
నిద్దరొగ్గేసి గోకుతానే ఉంటాను.
అరసెయ్యి దురదెడితే డబ్బులొస్తాయంటారు కదా,
ఈపాటికి నాకు లచ్చలు రావాల."
నవ్వింది. నేనూ నవ్వాను,
మత్తుసూది సిరంజిలోకి మందు లాగుతూ.

పెసరగింజంత ముక్క.
"అంతేనా?"
అంతే.
"అందులో ఏటి కనపడతాది?"
ఆ ప్రశ్నకి నా దగ్గర నూట నలభై పేజీలున్నాయి,
ఒక్క వాక్యం లేదు.

శనివారం రాత్రి, కాలేజీ మూడో అంతస్తు, లైట్లు తీసేసిన గది.
ఆకుపచ్చ రంగు తాగిన నరాలు
ఆనపతీగ కొసల్లా
పైపొర దాకా ఎగబాకి ఉన్నాయి,
అంత పైకి రావాల్సిన పని వాటికి లేదు.
పక్కనే ఎర్రగా మాస్ట్ కణం,
కుట్టు విప్పిన గోనెసంచి,
గింజలన్నీ చుట్టూ ఒలకబోసుకుని.
నరం కేకేస్తే సంచి పగిలిందా,
సంచి పగిలితే నరం కేకేసిందా?
కుళాయి దగ్గర కొట్లాటలో
ముందు బిందె ఎవరు తోశారో చెప్పగలిగితే
ఇదీ చెప్పొచ్చు.
మా గైడుకీ నాకూ రెండేళ్లుగా ఇదే తగువు.
గోళ్లు మాత్రం ఇద్దరి మాటా వింటాయి.
గోకుతాయి. గోకిన చోట తీగ ఇంకో కొస వేస్తుంది.

వీటికి కొంచెం ఎడంగా, గుండ్రంగా,
ఏమీ ఎరగనట్టు కూర్చున్న టి-కణాన్ని
నేను చాలాసేపు చూశాను.
జీడి రసాన్ని ఒకసారి చూసిందంటే
చర్మంలోనే కాపురం పెట్టేస్తుంది ఇది.

మా నాయనమ్మ నాగావళి రేవులో బట్టలుతికేది.
నల్లజీడిని సూదితో గుచ్చి
ఆ రసంతో అంచు లోపల ఇంటికో గుర్తు:
ప్లీడరు గారివి మూడు చుక్కలు,
కోమటి సుబ్బయ్యవి చుక్కా గీతా.
చౌడు పెట్టి ఉడకేసినా, బండకేసి బాదినా
బట్ట పోయేదే గానీ గుర్తు పోయేది కాదు.
ఆవిడ కుడి బొటనవేలు ఎప్పుడూ పుండే.
జీడి పొంగిందిలే అనేది, ఆముదం రాసుకునేది.
నేనా వేలు పట్టుకుని బడికి వెళ్లినదాన్ని.
ఆ వేలు ఏ స్లైడు మీదా లేదు.

జ్యేష్ఠంలో ఊర్మిళ మళ్లీ వచ్చింది.
ఫ్యాక్టరీ మానేసి ఎనిమిది నెలలైందట.
చేతులు కాస్త తేటబడ్డాయి కూడా.
మొన్న ఎవరో మామిడికాయలిస్తే
ఆవకాయకి తొడిమలు తీసిందట.
సొన తగిలింది.
అవే సందులు, అదే మణికట్టు,
కొత్త చోటొక్కటీ వెతుక్కోలేదు.

"పని నేనొగ్గేసినాను గానీ అమ్మా,
పనే నన్నొగ్గలేదు."

పూతమందు రాసిచ్చాను.
మామిడికీ జీడికీ చుట్టరికం ఉందని చెప్పాను.
ఉప్పూకారం తినే ఇంట్లో ఆవకాయ మానమనడం
ఎంత తేలికో.
"మరి ఆ ముక్కలో ఏటైనా కనపడ్డాదా?"
కనపడిందన్నాను.
మీరు ఊరికే గోకటం లేదని కనపడింది.
ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, "మా ఆయనకి ఓపాలి సెప్పండి ఆ మాట" అంది.

ఈ రాత్రి ముప్పై ఒకటో స్లైడు అంచున
నల్ల ఇంకుతో మూడు చుక్కలు పెట్టాను,
నంబరు రాయాల్సిన చోట.
ఎందుకో తెలీదు. రేపు గైడు అడుగుతారు.
నా ఎడమ మణికట్టు మీద ఎక్కడో
చిన్న నవ.
గోకలేదు.
కాసేపు.