ఖాళీ డ్రమ్ము

స్టోరు తాళంచెవి నా కొంగున ఉందని
పొద్దుట్నుంచి మూడుసార్లు వచ్చావు, ఏసోబూ.
ఒకటే మాట: ఖాళీ డ్రమ్మే గదక్కా.

మీ బజారు నాకు తెలుసు.
ట్యాంకరు మూడు రోజులకోసారి,
అదీ బూదవాడ మలుపు తిరిగేసరికే సగం కారిపోయి.
మనుషుల బదులు డ్రమ్ములు నిలబడతాయి వరసలో
ఒంటి మీద ఇంటిపేర్లు రాయించుకుని.
రెండొందల లీటర్లంటే
నీ భార్య నడుముకి నాలుగు రోజుల సెలవు.
తెలుసు.

అయినా ఇవ్వను.

ఈ నీలం డ్రమ్ములో వచ్చింది సైలేను.
చీమకుర్తి నల్లరాయిని సానపట్టి సానపట్టి
లోపలి చుక్కలు బయటపడ్డాక
చివరగా పూసేది.
నీళ్లని వద్దనడం రాయికి నేర్పేది ఇదే.
పూసిన పలక మీద చెంబెడు పోసి చూడు,
కూర్చోమని ఎవరూ అనని చుట్టాల్లాగా
జారుకుంటూ వెళ్లిపోతాయి.

అట్టాంటి దాంట్లో నీళ్లు పట్టుకుంటావా నువ్వు?

దీని ఆవిరి కంటికి ఆనదు.
పొయ్యి పొగలా పైకి లేవదు.
గాలికంటే బరువు గదా, నేలబారున పాకుద్ది
గడప దాటి, మురిక్కాలవ వెంట,
ఎక్కడ గ్రైండరు రవ్వలు రాలుస్తుందో
ఎవడు బీడీ ముట్టిస్తాడో వెతుక్కుంటూ.
దొరికిందా,
వచ్చిన దారినే వెనక్కొస్తుంది, మంటై.

అందుకే డ్రమ్ముకీ డబ్బాకీ రాగి తీగ తగిలించి
భూమిలో దిగేసిన కడ్డీకి కట్టేదాకా
మూత తిప్పను.
నేలతో చెప్పకుండా చుక్క వంచను.
సలోమక్క డ్రమ్ముకి తాళి కడతందిరా అని
మీరు నవ్వుకుంటారు. నవ్వుకోండి.
నైలెక్సు చీర కట్టి ఈ గదిలోకి రాను,
సెల్లు బయట మేకుకి.

ముసురు పట్టిన రోజున మూత వదులైతే
గాలిలో తేమే చాలు దానికి,
తియ్యటి వాసనతో స్పిరిటు కక్కుద్ది.
ఆ ఒడిశా పిల్లోడు బైధరు
తలుపులేసుకుని పూటంతా పూసి
సాయంత్రం గోడ పట్టుకుని నడిచాడు.
ట్యూబులైటు చుట్టూ మంచు కురుస్తుందన్నాడు,
మే నెలలో.
ఒంగోలు పెద్దాసుపత్రిలో వారం.

ఇంక హజరత్తయ్య.
గేదెకి తొట్టి చేద్దామని
ఇట్టాంటిదే, ఖాళీదే,
అడ్డంగా కోయబోయాడు కట్టరుతో.
పేలుడు మనకి కొత్తా?
క్వారీలో రోజూ రెండింటికి మందు పేలుస్తారు.
అప్పుడు పదకొండే.
ఇంత తొందరగా పేల్చారేందా అని
నేను వాచీ చూసుకున్నాను.
అదే గుర్తుంది నాకు, వాచీ చూసుకోవడం.
డ్రమ్ము అడుగు మూడో షెడ్డు రేకుల మీద దొరికింది.
ఆయన గురించి చెప్పను.
వాళ్ల గేదె ఇప్పుడు సిమెంటు తొట్టిలో తాగుద్ది.

నిండు డ్రమ్మంటే అందరికీ భయమే.
దానికి తాళముంది, బోర్డుంది,
ఎర్ర పలక మీద మంట బొమ్మ ఉంది.
ఖాళీదానికి ఏముంది?
అడుగున గరిటెడు తడి,
ఆ పైన డ్రమ్ము నిండా ఊపిరి.
అంటుకునేది ఆ ఊపిరే, ఏసోబూ.
మా రిజిస్టరులో 'ఖాళీ' అని రాసే గడి ఒకటుంది,
దాంట్లో నేను గీత పెడతాను గానీ
ఆ మాట రాయను.
శనివారం కంపెనీ బండి వచ్చేదాకా
మూతలు బిగించి, నీడన, నిండువాటి పక్కనే ఉంటాయవి.

సరే, మొహం అట్టా పెట్టమాక.
మా ఇంటెనక తెల్ల డ్రమ్మొకటుంది,
పచ్చళ్ల ఫ్యాక్టరీది, అంచు విరిగింది.
ఆవపిండి ఘాటు నెల్లాళ్లు వదలదు,
నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి.

మన నీళ్లు తియ్యగా ఉన్నదెప్పుడులే.
చీకటి పడకముందే వచ్చి పట్టుకుపో.